గుర్వమ్మ నేసిన నిప్పుబట్ట

గుట్ట మీద ఆ రేకుల షెడ్డు లేచిననాడే నేను అన్నాను, ఇది మంచికి వచ్చింది కాదని. జీపుల్లో దిగినవాళ్ళు మా కందిచేలు చూడలేదు, బావులు చూడలేదు, ఎవరి మంచిచెడ్డలూ అడగలేదు. బండల నడుమ గడ్డి కూడా మొలవని జాగా వెతికి మరీ పట్టారు. పానగల్లు దాటి మా ఊరికి వచ్చే బాట పొడుగునా చదునైన బీళ్ళు ఎన్ని లేవు! మనుషులకు దూరంగా పోయి చేసే పని ఏదైనా సరే, నాకు దాని మీద అనుమానమే.

మా తోడికోడలు గుర్వమ్మ నా మాట వినలేదు. విన్నట్టయితే ఇది రాయవలసిన పనే లేకపోయేది.

గుర్వమ్మ పుట్టిల్లు అమ్రాబాదు వైపు, అడవి అంచున. చిన్ననాటి నుంచీ మంద వెంట తిరిగిన మనిషి. పొద కదిలితే గాలికి కదిలిందా, ఇంకేమన్నా కదిలించిందా అని నిలబడి చూసే అలవాటు. మనుషులనూ అట్లాగే చూసేది. మా మరిది బీరన్నకు ఇచ్చి చేశారు. మా కురుమల ఇళ్ళలో ఆడవాళ్ళం ఉన్ని ఏకుతాం, రాట్నం మీద వడుకుతాం. మగ్గం మీద కూర్చునేది మగవాళ్ళు. బీరన్న ఒక ఎండాకాలం మందను తోలుకుని ఆత్మకూరు దిక్కు, కృష్ణ ఒడ్డుకు పోయాడు. అక్కడ జ్వరం పట్టింది. మంద తిరిగి వచ్చింది గాని మనిషి రాలేదు.

ఏడాది గడిచాక గుర్వమ్మ పోయి మొగుడి మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చుంది. ఊరంతా ముక్కు మీద వేలేసుకుంది. నేనూ వేసుకున్నాను, అబద్ధమెందుకు. మా మామ కర్ర పట్టుకుని వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"ఆడిదానివి మగ్గమెక్కుతవా? మన వంశంల ఉన్నదా గిది?"

"లేదు మామా. నువ్వొచ్చి రాట్నం పట్టు, నేను దిగుత" అంది గుర్వమ్మ, తల కూడా ఎత్తకుండా.

మామ మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఆమె నేసిన మొదటి గొంగడి చూసి గొర్రెలు కూడా నవ్వి ఉంటాయి. ఒక అంచు వెడల్పు, ఒక అంచు ఇరుకు. కానీ పట్టు విడవలేదు. కొన్నేళ్ళు తిరిగేసరికి గుర్వమ్మ గొంగడి కప్పుకుంటే ఎంత వానకైనా వీపు తడవదని దూరదూరం మందలవాళ్ళు వెతుక్కుంటూ రాసాగారు. ఆ పేరే ఆమె ఆస్తి. పొలం లేదు, మంద సన్నబడింది, పిల్లలు కలగలేదు. నా చేతి బట్ట అని చెప్పుకోవడం ఒక్కటే మిగిలింది. ఎవరైనా ఆ బట్టను వేలితో గీకి చూస్తే చాలు, వాళ్ళ ఏడు తరాలను వాకిట్లోకి లాగేది.

షెడ్డు లేచింది పాకిస్తాన్‌తో యుద్ధం నడిచిన సంవత్సరంలో. దానికి చౌకీదారుగా మైసయ్యను పెట్టారు. మైసయ్య ఊరి బయట అంటరానివాళ్ళ వాడ చివర ఉండే మనిషి. వాళ్ళ నాయిన అప్పు కింద పటేలు ఇంట్లో జీతం ఉండి, ఆ కొట్టంలోనే పోయాడు. మైసయ్య మాత్రం గుడిసె చర్చీలో నాలుగు అక్షరాలు నేర్చాడు. ఆ ఇంట్లో నెల జీతం అనే మాట మొదట విన్నది అతనే. ఖాకీ చొక్కా ఇచ్చారు, తాళాల గుత్తి ఇచ్చారు. ఆ చొక్కా అతని పెండ్లాం జానమ్మ రోజూ ఉతికి ఆరేసేది, ఊరందరికీ కనబడేటట్టు. ఊళ్ళో చాలామందికి ఆ చొక్కా కంట్లో నలుసయింది. నాకేమీ కాలేదు గాని, అంత సులభంగా చొక్కాలు ఇచ్చేవాళ్ళు ఏదో ఒకటి వెనక్కి అడుగుతారని మాత్రం అనుకున్నాను.

ఒక పొద్దున షెడ్డులో పనిచేసే ఇంజనీరు మా వాకిట్లోకి వచ్చాడు. గుంటూరు దిక్కు పిల్లగాడు, మెత్తగా మాట్లాడేవాడు. మేము చిన్నసారు అనేవాళ్ళం. వెనక మైసయ్య నెత్తి మీద తాళం వేసిన రేకు పెట్టె.

"గొంగళ్ళు నేసేది మీరేనా అండీ?"

"అండి గిండి ఎందుకు సారూ, ఏం గావాలె?" అంది గుర్వమ్మ.

అతను పెట్టె తెరిచి ఒక దారపు ఉండ తీశాడు. తెల్లగా, గాజులాగా మెరుస్తోంది. ఇసుకను కరిగించి తీసిన దారమనీ, నిప్పులో కాలదనీ చెప్పాడు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. గుర్వమ్మ ఒక పోగు తెంపి, లోపలికి పోయి పొయ్యిలో నిప్పు మీద పెట్టింది. పోగు ఎర్రబడింది. కట్టెపుల్లతో బయటికి లాగితే మళ్ళీ తెల్లగా చల్లబడింది.

"కాలలేదక్కా" అంది నాతో, ఎవరో తనను మోసం చేసినట్టు.

"ఇప్పుడు నమ్ముతారా?" అన్నాడు చిన్నసారు నవ్వుతూ.

"కాలలేదు, గది నమ్ముత. నువ్వు చెప్పేది ఇంక వినలేదు గద" అంది.

అతను అరుగు మీద కూర్చుని చెప్పాడు. ఆకాశంలోకి చాలా ఎత్తుకు పంపిన గుండు మళ్ళీ కిందికి దిగేటప్పుడు గాలి రాపిడికే నిప్పులా మండిపోతుందట. దాని ముక్కుకు కట్టడానికి ఒక పలక కావాలట. ఉత్త మట్టి పలక అయితే అంత వేడికి పెటిల్లున పగులుతుంది. ఈ దారంతో బట్ట నేసి, పొరల మీద పొరలు పేర్చి, తెల్లమట్టి కలిపిన నీళ్ళు తాగించి, బట్టీలో కాలిస్తే మట్టికి నరాలు వచ్చినట్టవుతుంది, పగలదు. ఇంతకుముందు పై దేశం నుంచి నేసిన బట్టే వచ్చేదట. యుద్ధం వల్ల అది ఆగిపోయింది. దారం ఉండలు మాత్రం మిగిలాయి.

"గాలికి కాలుడేంది సారూ? మాకు గాలికి చలి పెడతది" అంది గుర్వమ్మ.

"పైకి పంపుడెందుకు, మళ్ల దించుడెందుకు? ఊకుంటే అయిపాయె గద" అన్నాను నేను.

చిన్నసారు నవ్వి, ఉండను గుర్వమ్మ వైపు జరిపాడు. గుర్వమ్మ ఆ దారాన్ని వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది. ఆ చూపు నాకు తెలుసు. ఆమె ఒప్పుకుంటుందని అప్పుడే అర్థమైంది.

"ఒక్కటే మాటండీ. నూనె తగలకూడదు, మురికి తగలకూడదు."

"నా ఇంట్ల మురికున్నదా? చూసి చెప్పు!"

అతను భయపడి లేచాడు.

మొదటి బట్ట షెడ్డులోనే నేయించారు, చిన్న చెక్క మగ్గం పెట్టి, సార్ల కళ్ళముందు. ఆ దారం దొంగది. చూడడానికి పట్టులాగా ఉంటుంది, పోగు విరిగితే ముల్లులాగా వేళ్ళలో దిగుతుంది. మాటిమాటికి తెగేది. బట్ట జానెడు పెరిగేసరికి ఆమె వేళ్ళు చీరుకుపోయాయి. అయినా ముగించింది. ఆ బట్టతో చేసిన పలకను కాల్చే రోజు మమ్మల్ని చూడమని పిలిచారు.

నల్లద్దాల వెనక నిలబెట్టారు. రెండు గొట్టాల నుంచి గ్యాసు వచ్చి ఒక మూతి దగ్గర కలిసి, నీలిమంట బుస్సున లేచింది. దాన్ని తిన్నగా పలక మీదికి తిప్పారు. పలక నడుమ ఎర్రబడి, పసుపుపచ్చబడి, చివరికి మధ్యాహ్నపు సూర్యుడిలా చూడలేనంత తెల్లబడింది. వెనక వైపు ఒక తీగ కట్టి, వేడి ఎంత దాకా వస్తోందో ముల్లు చూసి చెప్పుకుంటున్నారు. మంట ఆపాక పలక మెల్లగా నల్లబడింది. పగుళ్ళు లేవు. చిన్నసారు చప్పట్లు కొట్టాడు.

"కుండ కాలినట్టే కాలింది, దీనికి గింత హంగామానా" అన్నాను నేను. నిజం చెప్పాలంటే గుర్వమ్మ వీపు వెనక నుంచి అన్నాను.

ఆ తర్వాత గుర్వమ్మ షెడ్డులో కూర్చోనంది. అక్కడి మగ్గం తన మాట వినదట, ఇంటి మగ్గం మీద అయితే తొందరగా అవుతుందట. ఒప్పుకున్నారు. దారం పెట్టె మైసయ్య తెచ్చి ఇచ్చేవాడు, నేసిన బట్ట అదే పెట్టెలో పెట్టి, తాళం వేసుకుని తీసుకుపోయేవాడు. ఇంట్లో ఆమెకు దారం తెగలేదు, వేళ్ళు కోసుకోలేదు. బట్ట చాపలాగా నున్నగా వచ్చేది. మగ్గం మీద ఆమె కూనిరాగం తీయడం చాలా ఏళ్ళ తర్వాత విన్నాను.

ఇక అక్కడి నుంచి పలకలు పగలడం మొదలైంది.

మొదటిసారి ధనామని వినబడితే బండలు పేలుస్తున్నారనుకున్నాం. రెండోసారి చిన్నసారు మొహం చూశాక అర్థమైంది. మంట తగిలిన కాసేపటికే పలక పొట్ట ఉబ్బి, తడిసిన అట్టలాగా పొరలు విడిపోయి పేలిపోతోందట. తర్వాతది కూడా అంతే. హైదరాబాదు నుంచి పెద్దసారు దిగాడు. నల్ల కోటు, సన్నమీసం, ఎవరు మాట్లాడినా అబద్ధమే చెబుతున్నట్టు చూసే కళ్ళు. నాకు ఆయన నచ్చలేదు గాని, ఆ చూపు మాత్రం నచ్చింది. మనిషన్నవాడు అట్లాగే చూడాలి.

పగిలిన ముక్కను పెద్దసారు చేతిలో తిప్పి చూశాడు. లోపలి పోగులు తెల్లగా లేవు. అక్కడక్కడ గోధుమరంగు చారలు.

"యే హమారా దారం నహీ. ఇది మన దారం కాదు. ఎవరో మార్చేశారు" అన్నాడు.

తాళాలు ఎవరి దగ్గర? మైసయ్య దగ్గర. పెట్టె మోసింది ఎవరు? మైసయ్య. ఇంకేం కావాలి? యుద్ధం రోజులు, రేడియోలో గూఢచారుల మాట తప్ప ఇంకోటి లేదు. మంచి దారం ఎవరికో చేరవేసి, నాసిరకం దారం తెచ్చి పెట్టాడని తేల్చారు. తాళాల గుత్తి లాక్కున్నారు. వచ్చే సోమవారం లోపల అసలు దారం ఎక్కడుందో చెప్పకపోతే పోలీసు ఠాణాలో అప్పజెబుతామన్నారు. ఠాణాకు పోయిన వాడ మనిషి ఎట్లా తిరిగి వస్తాడో మా దిక్కు చిన్నపిల్లలకు కూడా తెలుసు.

మైసయ్య సాయంత్రం పూట మా కంచె దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఖాకీ చొక్కా లేదు.

"అమ్మా, నీ కాళ్లు మొక్కుత, నిజం చెప్పు. దారం నువ్వేమన్న మార్చినవా?"

గుర్వమ్మ మగ్గం మీంచి దిగివచ్చింది. "ఏమన్నవ్? నేను మార్చిననా? పెట్టె మోసింది నువ్వు, తాళమేసింది నువ్వు! నడుమల ఎక్కడ దించినవో నువ్వు చెప్పు!"

"యేసయ్య తోడు, నేను ముట్టలేదమ్మా."

"నేను ముట్టిన. నేసేటప్పుడు. నేను నేసిన బట్ట నేసినట్టే ఇచ్చిన. నాసిరకమంటరా? నా చేతి బట్టనా?"

ఇద్దరూ నిజమే చెబుతున్నట్టు ఉంది. ఇద్దరూ నిజం చెబుతుంటే పలక ఎందుకు పగులుతుంది? అందుకే నాకు ఇద్దరి మీదా అనుమానం కలిగింది. చిన్నసారు మీద ఇంకా ఎక్కువ కలిగింది. అంత మెత్తగా మాట్లాడేవాడు తన తప్పును ఎవరి నెత్తి మీదనైనా పెట్టగలడు.

మరుసటి పొద్దున జానమ్మ వచ్చింది. ఆమె మొగుడిలాగా కంచె అవతల నిలబడలేదు. నేరుగా వాకిట్లోకి నడిచి వచ్చింది. మా ఇళ్ళలోకి ఆ వాడ ఆడవాళ్ళు అట్లా రావడం లేదు ఆ రోజుల్లో. నేను అడ్డం పోబోతే, పక్కకు జరిపేసింది.

"గుర్వమ్మా! నా మొగణ్ణి జైలుకు పంపి నువ్వు గొంగళ్లు నేసుకుంట కూసుంటవా? దారమెక్కడ దాసినవో తియ్యి!"

"దాసిననా? రా, ఇల్లంత ఎతుకు. అటుక మీద చూడు, గుమ్మిల చూడు. దొరకలేదనుకో, నీ సంగతి చెప్త!"

జానమ్మ నిజంగానే వెతికింది. అటుకెక్కింది, ఉన్ని మూటలు విప్పింది, గుమ్మిలో చెయ్యి పెట్టి జొన్నలు తిరగేసింది. గుర్వమ్మ నడుం మీద చేతులు పెట్టి చూస్తూ నిలబడింది. ఏమీ దొరకలేదు. జానమ్మ జుట్టంతా దుమ్ము.

"అయ్యిందా? ఇగ కూసో. చివరి ఉండ ఒకటి మిగిలింది నా దగ్గర, అసలుది. నీ ముంగటనే నేస్త. మార్చిన్నో లేదో నీ కండ్లతోనే చూడు" అంది గుర్వమ్మ.

పడుగు సాగదీసింది. జానమ్మ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, రెప్ప వేయకుండా చూస్తోంది. గుర్వమ్మ పొయ్యి దగ్గరి ముంత తెచ్చి, కుంచె ముంచి, దారం పొడుగునా ఒక చివర నుంచి ఇంకో చివరకు పూసుకుంటూ పోయింది.

"ఆగు. గదేంది?" అంది జానమ్మ.

"ఏది?"

"గా ముంతల."

"అంబలి."

ఇంతసేపూ నేను అంబలి సంగతి చెప్పలేదు. ఎందుకు చెబుతాను? అన్నం వండానంటే నీళ్ళు పోశానని కూడా చెప్పాలా? చింతగింజలు వేయించి, పొట్టు తీసి, దంచి, ఉడికించి పల్చగా చేసిన అంబలి. అది తాగితేనే దారం దారమవుతుంది. పోగు లేవదు, తెగదు, గట్టిపడుతుంది. గొంగడిలోకి వాన దిగకుండా కాసేది సగం ఉన్ని, సగం అంబలి. మా తాతలు పూశారు, వాళ్ళ తాతలు పూశారు. షెడ్డులో పొయ్యి లేదు, ముంత లేదు గనుక ఆ మొదటి బట్ట ఒక్కటే పచ్చి దారంతో నేసి వేళ్ళు కోసుకుంది. ఇంటికి రాగానే చెయ్యి దాని పని అది చేసుకుంది. నూనె వద్దన్నారు, మురికి వద్దన్నారు. అంబలి నూనె కాదు, మురికీ కాదు. 'దారానికి ఏమన్నా పెట్టావా' అని చిన్నసారు అడిగిననాడు 'ఏం పెట్టలే' అని గుర్వమ్మ చెప్పింది నా ముందే. నాకూ అది అబద్ధమని తట్టలేదు.

"సార్లకు తెలుసా, నువ్వు గిది పూస్తున్నట్టు?" అంది జానమ్మ.

గుర్వమ్మ కుంచె ఆగిపోయింది. ముంత వంక చూసింది. దారం వంక చూసింది. తడిసిన చోట దారం అప్పటికే కొంచెం గోధుమరంగుకు తిరిగింది.



"నేను పోయి చెప్త" అంటూ జానమ్మ లేచింది.

"నువ్వు చెప్తే నమ్మరు. మొగణ్ణి కాపాడుకోను వచ్చినవంటరు. కూసో" అంది గుర్వమ్మ.

నేను ఆమె రెక్క పట్టి లోపలికి లాగాను. "ఓ గుర్వా, పిస లేసిందా? పగిలినయన్నీ నీ నెత్తి మీద పడ్తయి. గా పెద్దసారు మనిషి లెక్క కనవడ్తుండా నీకు? మైసయ్యను విడిచి నిన్ను పట్టుకుంటడు. ముంత కడిగి పెట్టు, ఇగ నుంచి పచ్చిదారం నెయ్యి. ఎవ్వరికి తెల్వది."

"జానమ్మకు తెలిసింది."

"జానమ్మ మాట ఎవరు వింటరు?"

"గదే గదక్కా" అంది. రెక్క విడిపించుకుని మళ్ళీ అంది: "దారం మార్చిండ్రు అంటున్నరు. అంటే గా బట్ట నాది కాదన్నట్టే. నాసిరకం దారంతోటి నేను నేసిన్నట్టే. నా బట్టే పగిలింది, నా అంబలికే పగిలింది అని చెప్పి వస్త. దొంగ బట్ట మాత్రం కాదది."

చూశారా? మైసయ్య జైలుకు పోతాడని ఒక్క మాట అనలేదు. బట్ట పేరు పోతుందని పోతానంది. అట్లా చెప్పింది గాని, చెబుతున్నంతసేపూ ఆమె చూపు బయట ఉన్న జానమ్మ మీదే ఉంది. నాకు ఆమె మాటల మీద కూడా అనుమానమే.

అంబలి ముంత నెత్తిన పెట్టుకుని ముందు గుర్వమ్మ, వెనక జానమ్మ, వాళ్ళ వెనక నేను. ఊరు చూస్తుండగా గుట్ట ఎక్కాం. పెద్దసారు కుర్చీలోంచి లేవలేదు. గుర్వమ్మ ముంత ఆయన బల్ల మీద పెట్టింది.

"దారం ఎవ్వరు మార్చలేదు. నేను అంబలి పెట్టిన. మా దారానికి పెట్టినట్టే పెట్టిన."

పెద్దసారు ముంతలో చూసి, ముక్కు చిట్లించి, ఆమె వైపు తిరిగాడు.

"మొన్న అడిగితే ఏమీ పెట్టలేదన్నావు."

"అంబలిని పెట్టుడని అనం సారూ."

"ఇప్పుడెందుకు చెబుతున్నావు? చౌకీదారు చెప్పమన్నాడా? వాడికీ నీకూ ఏమిటి?"

నా చెవులు మండాయి. విధవ ఆడదాన్ని, ముగ్గురు మనుషుల ముందర! గుర్వమ్మ మాత్రం గొంతు పెంచలేదు.

"మాకేమున్నదో ఊరిని అడుగు. బట్టల ఏమున్నదో నీ మంటను అడుగు. అంబలి పెట్టి ఒకటి నేస్త, పెట్టకుండ ఒకటి నేస్త, గీడనే, నీ కండ్ల ముంగట. రెండు కాల్చు. పెట్టనిది పగిలితే నన్ను పట్టుకపో. పెట్టింది పగిలితే మైసయ్య తాళాలు మైసయ్యకియ్యి."

చిన్నసారు అప్పటిదాకా గోడకు ఆనుకుని ఉన్నాడు. "చూద్దాం సార్" అన్నాడు, మెత్తగానే. పెద్దసారు గోడ మీది క్యాలెండరు వంక చూసి, పలకలు కాల్చేదాకా మైసయ్యను ఠాణాకు పంపబోమనీ, అంతవరకు వాడు షెడ్డు దాటి పోకూడదనీ అన్నాడు.

అంబలి పెట్టిన బట్ట పొద్దు తిరిగేలోపల అయిపోయింది. పచ్చిదారం బట్టకు మాత్రం ఆమె వేళ్ళు మళ్ళీ చీరుకుపోయాయి. గుడ్డపీలికలు చుట్టుకోబోతే పెద్దసారు వద్దన్నాడు, గుడ్డలో ఏముందో ఎవరికి తెలుసని. ఆ బట్ట నేస్తున్నంతసేపూ ఆయన కుర్చీ మగ్గం పక్కనే. తర్వాత తెల్లమట్టి నీళ్ళు పట్టించారు, ఆరబెట్టారు, బట్టీలో కాల్చారు. ఆ రోజుల్లో గుర్వమ్మ సరిగా తినలేదు. ఒక పలక పగలాలని, ఒక పలక పగలకూడదని ఏ దేవుడికి మొక్కుకోవాలో తెలియక బీరప్పకూ మొక్కలేదు, ఎల్లమ్మకూ మొక్కలేదు. జానమ్మ మాత్రం వాళ్ళ గుడిసె చర్చీలో రోజూ మోకాళ్ళ మీద ఉండేదని తెలిసింది.

పచ్చిదారం పలకను ముందు కాల్చారు. నీలిమంట బుస్సుమంది. పలక ఎర్రబడింది, పచ్చబడింది, తెల్లబడింది. మంట ఆపారు. పలక నిలబడింది.

అంబలి పలక తెల్లబడే దాకా కూడా ఆగలేదు. నడుమ బుడిపెలాగా లేచి, ధనామని పేలి, ముక్కలు నల్లద్దానికి వచ్చి తగిలాయి. జానమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది, సంతోషంతో. పక్కన గుర్వమ్మ తన బట్ట ముక్కలను చూస్తూ నిలబడింది.

చిన్నసారు ఒక ముక్క తెచ్చి విప్పి చూపించాడు. "అంబలి పోగుల సందులన్నీ మూసేసిందండీ. మట్టి నీళ్ళు లోపలికి దిగలేదు. బట్టీలో అంబలి కాలిపోయాక అక్కడంతా డొల్ల. మంట తగలగానే పొరలు విడిపోతున్నాయి. ఈ చారలు దాని మసే."

"నీళ్లు దిగొద్దనే గద పెడ్తం. దిగలేదు గద" అంది గుర్వమ్మ. ఆ ముక్కను కొంగులో కట్టుకుంది. వద్దన్నా వినలేదు.

పెద్దసారు మైసయ్యకు తాళాలు ఇప్పించాడు. తప్పయిందని ఒక్క మాట అనలేదు. పెద్దవాళ్ళకు ఆ మాట నేర్పరు కాబోలు. గుర్వమ్మను ఇక రానివ్వరనే అనుకున్నాం. కానీ ఆ దారం నేసేవాళ్ళు వేరే దొరకలేదు. చిన్నసారు బతిమాలాడు. చివరికి పెద్దసారు ఒప్పుకున్నాడు, ఒక కట్టుబాటు మీద. ఆమె షెడ్డులోనే నేయాలి. పొద్దున గేటు దగ్గర చౌకీదారు ఆమె రెండు చేతులూ వాసన చూసి, చింతగింజల వాసన లేకపోతేనే లోపలికి పంపాలి. "అలవాటైన చెయ్యి. తనకు తెలియకుండానే పూస్తుంది" అన్నాడు.

ఊరు భగ్గుమంది. వాడ మనిషి కురుమ ఆడదాని చేతులు వాసన చూడడమా? మా మామ కర్ర పట్టుకుని మళ్ళీ వాకిట్లోకి వచ్చాడు. ఈసారి నేనూ మామ పక్కనే నిలబడ్డాను. ఆమె ఎవరి కోసం గుట్ట ఎక్కిందో వాడినే ఆమె మీద కాపలా పెట్టడం కావాలని చేసిన పని అని నాకు ఇప్పటికీ అనుమానం. గుర్వమ్మ మా ఇద్దరినీ దాటుకుని పోయింది. చూడకపోతే నాకు అన్నం సయించదు గనుక నేను వెనకాలే పోయాను.

మైసయ్య గేటు దగ్గర ఖాకీ చొక్కా తొడుక్కుని ఉన్నాడు. ఆమెను చూడగానే తల దించుకుని గేటు బార్లా తెరిచాడు.

"పో అమ్మా లోపలికి."

గుర్వమ్మ కదలలేదు. వేళ్ళ మీద గాయాలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. రెండు చేతులూ చాచింది.

"చూడు."

"వద్దమ్మా. నాకు చేతగాదు."

"చూడకుంట పంపితివి, రేపింకో పలక పగిలింది. అప్పుడెవర్ని పట్టుకుంటరు? చూడు మైసా."

అతను అటూ ఇటూ చూశాడు. గుట్ట కింద మా మామ, ఆ వెనక ఊళ్ళోవాళ్ళు కొందరు. మైసయ్య తన చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు, పొరపాటున కూడా ఆమెకు తగలకుండా. నడుం వంచి, ఆమె అరచేతుల మీదికి మొహం తెచ్చి, వాసన చూశాడు. లేచేసరికి అతని కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఉల్లిగడ్డ వాసనొస్తాందమ్మా."

"పొద్దుగాల తొక్కు నూరిన. ఉల్లిగడ్డ సంగతి సార్లేమన్నరు?"

"ఏమనలేదు."

"అడిగి రాపో. నేను గీడనే ఉంట" అని గుర్వమ్మ గేటు పక్క బండ మీద కూర్చుంది. మైసయ్య అడగడానికి లోపలికి పరుగెత్తాడు.